దొరబాబు తిన్న పేర్లు

8 జూలై 2001, ఆదివారం

జీడాకులు ఊడ్చి మంట పెట్టడం కూడా తప్పేనట. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే వాకిలి ఊడ్చి ఆకులు అంటిస్తూనే ఉన్నాను. పొగకి దోమలు పోతాయి, మా ముసలాయన దగ్గు పోదు. అంతకు మించి ఏ ఘోరమూ జరగలేదు. ఇవాళ మా మనవరాలు ప్రవల్లిక చెంబెడు నీళ్లు తెచ్చి ఆ మంట మీద కుమ్మరించింది.

"ఆకు కాల్సకూడదు నాన్నమ్మా. గొయ్యి తీసి కప్పెట్టాల. ఎరువవుద్ది."

"ఎవలు సెప్పినారే?"

"కూర్మారావు మాస్టారు. బడిలో పచ్చదళం ఎట్టినారు. నాను లీడర్ని."

చదివేది ఏడో తరగతి. లీడరంటే ఏమో అనుకున్నాను, సగం పోలీసు. కోడలు వాణి బారువ నుంచి ఎండుచేపలు ప్లాస్టిక్ కవర్లో తెస్తే, ఆ కవరు చేత్తో పట్టుకుని మాకు పాఠం చెప్పింది. మట్టిలో కలవదట. ఆవు తింటే చస్తుందట. మన మనవల మనవలు పోయినా అది మాత్రం పోదట. ఇక మీదట అన్నిటికీ గుడ్డసంచే. ఎండుచేపలు మోసిన గుడ్డసంచి మళ్లీ జన్మలో దేనికైనా పనికొస్తుందా? అమ్మోరికి కొబ్బరికాయలు కూడా అందులోనే పట్టుకెళ్లాలి కాబోలు.

గొయ్యి తవ్వితే ముసలాయన చీకట్లో చూసుకోకుండా అందులో పడతాడు. తుంటి విరుగుతుంది. మంచాన పడతాడు. మంచాన పడ్డ మనిషికి చుట్ట నేనే వెలిగించి ఇవ్వాలి. అది చాలదన్నట్టు గోతిలోకి పాములు చేరతాయి.

రోజూ నాలుగు ముక్కలు రాయకపోతే నేర్చుకున్న అక్షరాలు తుప్పుపడతాయని రాత్రిబడి టీచరమ్మ అంది. అందుకే ఈ రాత. ఈ ఇంట్లో నా భయాలు వినే ఓపిక ఎవరికీ లేకపోవడం ఇంకో కారణం.

14 జూలై, శనివారం

బడిలో మొక్కలు నాటారు. నేనూ ముసలాయనా ప్రహరీ లేని వైపు నుంచి నిలబడి చూశాం.

"గోతులు పాతవే, మొక్కలే కొత్తవి" అన్నాడు ముసలాయన. "ఒకే పీటల మీద ఏడాదికో పెళ్లి."

నిజమే. నిరుడు నాటిన గోతుల్లోనే ఈ ఏడూ నాటారు. నిరుటివి ఫొటో తీసేదాకా బతికాయి. అయితే ఈసారి వేరేనట. దసరా వెళ్లాక మండలం నుంచి ఆఫీసర్లు వచ్చి బతికిన మొక్కలు చూస్తారట. బాగుంటే బడికి బోరు వేయిస్తారట. అందుకని కూర్మారావు మాస్టారు ఒక ఉపాయం చేశాడు. ఒక్కో పిల్లకీ ఒక్కో మొక్క. మొక్కకి ఆ పిల్ల పేరు రాసిన చీటీ. ప్లాస్టిక్ చీటీలు కట్టకూడదని మా పోలీసు పట్టుబట్టి, పాత పుస్తకాల అట్టలు కత్తిరించి, నారతాడుతో కట్టించింది.

మాస్టారు మైకులో ఏమన్నాడంటే, "పిల్లలూ, మీ పేరు ఉన్న మొక్క మీ ప్రాణంతో సమానం. అది పచ్చగా ఉంటే మీరు పచ్చగా ఉంటారు."

టెక్కలి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. మా ఊళ్లో ఇలాంటి మాటలు మైకులో అనకూడదని ఆయనకెలా తెలుస్తుంది?

ప్రవల్లికకి వేపమొక్క వచ్చింది. మూడు కొమ్మలు. గాలికి అటూ ఇటూ ఊగుతోంది. ఊగకుండా ఉంటే బాగుణ్ణు.

16 జూలై

దొరబాబు సంగతి ఎక్కడా రాయలేదు. రాయాలి.

నిరుడు వానల్లో ప్రవల్లికకి జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలింది, కళ్లు తేలేసింది. సోంపేట ఆసుపత్రి వరండాలో కూర్చుని అమ్మోరికి మేకపోతును మొక్కాను. పిల్ల లేచి కూర్చుని పెరుగన్నం అడిగింది. మర్నాడే మేకపిల్లను కొన్నాం. పూజారి పోలయ్య దాని చెవి కొస కోసి, మెడకి పసుపుగుడ్డ కట్టి, "ఇది అమ్మోరిది" అని ఊరి మీదికి వదిలేశాడు. దొరబాబు అని పేరు పెట్టింది ప్రవల్లిక.

అమ్మోరికి వదిలిన మేకని ఎవరూ కొట్టకూడదు, కట్టకూడదు, అదిలించకూడదు. అది ఎవరి చేలో పడి తిన్నా ఆ ఇంటికి మంచిదే అనుకోవాలి. ఆ సంగతి అందరికంటే ముందు దొరబాబుకే తెలిసిపోయింది. నడిరోడ్డు మీద పడుకుంటాడు. సోంపేట బస్సు హారన్ కొడితే ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటాడు.

నిరుడు దసరా వెళ్లాక అమ్మోరి సంబరానికే బలి ఇచ్చేయాల్సింది. చిక్కి ఉన్నాడని ఆపాను. ఎముకలు ఇస్తే అమ్మోరు నొచ్చుకోదా? ఈ ఏడూ అంత ఒళ్లు చేసినట్టు కనిపించడం లేదు.

"ఒలే, ఆడు మన సావిట్లో గుమ్మం పట్టక పక్కకి తిరిగి వత్తన్నాడు" అంటాడు ముసలాయన. ఆయనకి చూపు ఆనదు.

22 జూలై

దొరబాబు ఇవాళ బడి వైపు వెళ్లలేదు. నేను చూశాను.

24 జూలై

వెళ్లాడు. తినలేదు.

25 జూలై

తిన్నాడు కానీ ఎండిపోయినవే తిన్నాడు.

29 జూలై, ఆదివారం

పొద్దున్నే సన్యాసమ్మ వాకిట్లోకి వచ్చి కొప్పు ముడేసుకుంటూ నిలబడింది. కొప్పు ముడేసుకుంటోందంటే యుద్ధమే.

"అప్పా తవిటమ్మా! నీ మేక నా కొడుకుని తినీసింది!"

"ఏటే ఆ మాటలు? నీ కొడుకు సురేషుగాడు ఇప్పుడే కదా మా సపోటా సెట్టెక్కి దిగినాడు?"

"ఆడి ఏపమొక్కని తినీసింది. ఆడి పేరుతో సహా నమిలీసింది! నిన్న సందాల కాడ్నించి ఆడికి ఒకటే ఇరోసనాలు."

"పనసతొనలు ఎన్ని మింగినాడో అడిగినావా?"

"పనసతొనలు ఏటేటా తింతన్నాడు. పేరు ఈ ఏడే కదా రాసినారు!"

మధ్యాహ్నానికి ఇంకో నలుగురు తల్లులు వచ్చారు. ఒకరి పిల్లకి కురుపు లేచింది. ఒకరి పిల్లాడు లెక్కల్లో తప్పాడు. వాడు ఒకటో తరగతి నుంచీ తప్పుతూనే ఉన్నాడు, అయినా లెక్క దొరబాబు ఖాతాలోనే పడింది. ముసలాయన అరుగు మీద నుంచి తీర్పు చెప్పాడు.

"అమ్మోరి మేక. ఏపాకు అమ్మోరి ఆకు. ఆవిడ మేక ఆవిడ ఆకు తిన్నాది. మజ్జిన మీకేటి?"

ఆడవాళ్లు ఆయన్ని చూసిన చూపుకి ఆయన చుట్ట ఆరిపోయింది.

సాయంత్రం బడి దగ్గర చూస్తే సగం మొక్కలకి చీటీలు లేవు. తల్లులు విప్పుకుపోయారు. సన్యాసమ్మ కొత్త అట్ట మీద కొడుకు పేరు రాయించి కరెంటు స్తంభానికి కట్టింది. దాన్ని ఏ మేకా తినదని. పేరు విప్పేసిన మొక్కకి ఏ పిల్లా నీళ్లు పోయడం లేదు. ఎవరిదని పోస్తారు?

ప్రవల్లిక మాత్రం తన చీటీ విప్పలేదు. విప్పవే అంటే, "నాను లీడర్ని" అంది.

5 ఆగస్టు

కూర్మారావు మాస్టారు ఇంటికి వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. మెట్టు కింద కూర్చున్న దొరబాబు ఆయన గొడుగు కొస నములుతుంటే చూడనట్టు కూర్చున్నాం, ఆయనా నేనూ.

"తవిటమ్మగారూ, బందెలదొడ్డికి తోలిద్దామని చూశానండి. కాపరి దణ్ణం పెట్టి పారిపోయాడు. ముళ్లకంప కట్టించాను. కంపతో సహా తినేసింది. ఇంక మీరే చెప్పాలి."

"కట్టకూడదు మాస్టారూ. అమ్మోరిది."

"అయితే ఈ సంబరానికి మొక్కు తీర్చేయండి. ఆఫీసర్లు సంబరం అయ్యాకే వస్తారు. అప్పటికి ఎండిన చోట కొత్తవి నాటుకుంటాం."

"సిక్కి ఉన్నాడండి."

మాస్టారు దొరబాబుని చూశాడు. దొరబాబు మాస్టారుని చూశాడు. గొడుగు బట్ట చిరిగిన చప్పుడు అయింది.

15 ఆగస్టు

తిన్నాడు.

16 ఆగస్టు

నిన్న బడిలో జెండా ఎగరేసి పిల్లలు బిళ్లలు చప్పరిస్తుంటే దొరబాబు వెళ్లి, ఎవరి మొక్కా ముట్టకుండా, తిన్నగా నడిచి వెళ్లి ప్రవల్లిక వేపమొక్కని తిన్నాడు. మొదలు ఒక్కటే మిగిల్చాడు, వేలెడంత. చీటీ సగం నమిలాడు. మిగిలిన ముక్క మీద "ప్ర" ఉంది.

పిల్ల కోసం మొక్కిన మేక, పిల్ల పేరునే తింది. ఇది నేను ఎవరితో చెప్పుకోను? పిల్ల నిన్నటి నుంచి దగ్గుతోంది. రెండుసార్లు దగ్గింది. మూడోది పొలమారింది కావచ్చు.

పోలయ్య దగ్గరికి వెళ్లాను. అమ్మోరి గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"వాయిదా ఏసినావు కదప్పా. అమ్మోరు గురుతు సేత్తంది. ఇదే ఆకరు మాట. ఈ సంబరం దాటించినావంటే తరవాత నన్నడక్కు."

మొక్కు మేక తలకాయ వాటా పూజారిది. అందుకే అంటున్నాడని ముసలాయన అన్నాడు. అందుకే కావచ్చు. కాకపోతే?

ఇచ్చేస్తాను. మేక మేకే, పిల్ల పిల్లే. దొరబాబు కూడా బాగానే ఒళ్లు చేశాడులే.

2 సెప్టెంబరు

ప్రవల్లిక నాతో మాట్లాడటం లేదు. వాణితో చెప్పి నాకు వినిపిస్తోంది. "నా పేరు సెప్పి దొరబాబుని సంపేత్తాదంట నాన్నమ్మ. మొక్క నాది. నాకే కోపం నేనప్పుడు ఈవిడికెందుకు?"

"నేనప్పుడు కాదే, లేనప్పుడు అను. సదువుకున్నదానివి" అంది వాణి.

కోడలు ఒక్కతే ఈ ఇంట్లో ప్రశాంతంగా ఉంది. జీడిపప్పు ఒలుచుకుంటూ ఉంటుంది. దాని మొహం చూస్తే నాకు ఇంకా కంగారు.

9 సెప్టెంబరు

పొద్దున్నే బడి వైపు పని ఉండి వెళ్లాను. వెళ్లానుగా అని బియ్యం కడిగిన నీళ్లు ఆ వేపమోడుకి పోశాను.

10 సెప్టెంబరు

ఇవాళా అటు పని పడింది.

16 సెప్టెంబరు, ఆదివారం

మా పుట్టింట్లో జలంత్రకోటలో కొబ్బరిమొక్కలకి పేడ కలిపిన నీళ్లు చల్లేవాళ్లు. పేడ కంపుకి పశువు మూతి పెట్టదు. ఇది ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు. కానీ బడిలో పేడ చల్లడానికి ఎవరికీ చేతులు రాలేదు. బడి కదా, చదువుల చోటు.

తట్టెడు పేడ బక్కెట్లో కలిపి ఈనెల చీపురుతో మొక్క మొక్కకీ కొట్టాను. ఎవరి పేరుందో చూడలేదు. చాలావాటికి పేరే లేదు. కరెంటు స్తంభానికి కూడా కొట్టాను, సన్యాసమ్మ మీద గౌరవంతో.

దొరబాబు వచ్చాడు. వాసన చూశాడు. నా వైపు చూశాడు. నువ్వెంత మంచిదానివనుకున్నాను అన్నట్టుగా ఉంది ఆ చూపు. వెళ్లిపోయాడు.

నేను చేస్తున్నది మొక్కల కోసం కాదు. మేక జోలికి మాస్టారు ఎలాగూ రాడు, సంబరం ఎలాగూ ఆగదు. ఊరికే చేస్తున్నాను.

18 సెప్టెంబరు

మాస్టారు ముక్కుకి రుమాలు కట్టుకుని పాఠం చెబుతున్నాడట. పిల్లలు పేడనీళ్ల పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఇంట్లో పూచికపుల్ల ఎత్తనివాళ్లు బడిలో పేడ పిసకడానికి పోటీ పడుతున్నారట. వంతులు వేయడం లీడరు పని.

లీడరు ఇవాళ నాతో ఒక మాట మాట్లాడింది. "పేడ పల్సన అయిపోనాది. రేపు సిక్కగా కలుపు."

7 అక్టోబరు, ఆదివారం

చిగురు వేసింది!

వేలెడు మోడు పక్క నుంచి రెండు ఎర్రటి చిగుళ్లు. దొరబాబు తినకముందు మూడు కొమ్మలుండేవి. ఇంకా ఒకటి రావాలి. వస్తుంది. రాకపోతే? వస్తుంది.

పోలయ్యని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించాను. "సూడు. పేరు తిరిగి వచ్చీసింది. అమ్మోరికి కోపం నేదు."

"సిగురు సిగురే. మొక్కు మొక్కే" అన్నాడు. "అయినా ఈ కంపేటప్పా?"

26 అక్టోబరు, దసరా

దొరబాబుకి స్నానం చేయించాలన్నారు, కొమ్ములకి పసుపు రాయాలన్నారు. చేయించాను. రాశాను. నా పైట కొంగు నములుతూ నిలబడ్డాడు.

పప్పు మాడింది.

31 అక్టోబరు, బుధవారం

నిన్న సంబరం.

అమ్మోరి ఘటం ఊరంతా తిరిగి గుడి ముందు దిగింది. డప్పులు. ఊరంతా అక్కడే ఉంది. మాస్టారు కూడా టెక్కలి వెళ్లకుండా ఆగాడు. గుడి ముందర నేలంతా ప్లాస్టిక్ గ్లాసులు, మజ్జిగ తాగి పారేసినవి. ప్రవల్లిక రాలేదు. రానంది. తర్వాత చూస్తే జనం వెనక సిమెంటు దిమ్మ ఎక్కి నిలబడి ఉంది.

మేక మీద నీళ్లు పోస్తారు. మేక ఒళ్లు విదిలిస్తే అమ్మోరు ఒప్పుకున్నట్టు. ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తే ఏ మేకైనా విదిలిస్తుంది. నేనైనా విదిలిస్తాను. పోలయ్య చెంబు ఎత్తాడు. దొరబాబు పోలయ్య మెడలో బంతిపూల దండ తింటున్నాడు. వాడికి ఏమీ తెలియదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు.

నాకు పూనకం వచ్చిందట. ఇది నాకు తర్వాత వాళ్లూ వీళ్లూ చెప్పింది. నేను జుట్టు విప్పుకుని, పోలయ్య చేతిలో చెంబు తన్నేసి, ఊగిపోయానట. నా మోకాళ్లకి అంత శక్తి లేదు. కాబట్టి అది అమ్మోరే.

అమ్మోరు ఏమందంటే, "ఎవల్రా నా మేక మీద నీళ్లు పోసినోడు? నానడిగానా నెత్తురు? నాకొద్దు! నా మేక నాకు పానంతోనే ఉండాల. దాన్ని ఊరు మీద ఒదిలీసి మొక్కలు తినిపించినోళ్లు మీరు. కట్టండి! నా గట్టు కాడ కట్టి, వంతులేసుకోని ఆకు కోసి మేపండి. దాని పెంట తీసుకెల్లి బడి మొక్కలకెయ్యండి. అది తిన్నది అదే ఎనక్కిచ్చుకుంతాది."

డప్పులు ఆగిపోయాయట. అమ్మోరు ఇంకా ఆపలేదు.

"ఏడాదేడాదీ అవే గోతుల్లో మొక్కలు సంపీసే మాస్టరెవుడు?"

కూర్మారావు మాస్టారు ఇన్ షర్టు చేసిన చొక్కాతో సహా నేల మీద పడిపోయాడట. "తప్పైపోయింది తల్లీ. ఫొటోల కోసం."

"ఇకమీదట బడి మొక్కలన్నీ నావి. మీ పిల్లల పేర్లు కాదు, నా పసుపుగుడ్డ కట్టండి. ఎవల మేక మూతెట్టినా ఆ ఇంటోళ్లు నాకు జవాబు సెప్పాల. ఇంకోటి! నా గుడి ముంగల ఈ గళాసులేటి? మట్టిలో కలవవు. ఆవు తింటే సస్తాది. మీ మనవల మనవలు పోయినా ఇవి పోవు. ఏరండి!"

ఊరు ఊరంతా వంగి గ్లాసులు ఏరిందట. అందరి కంటే ముందు సన్యాసమ్మ. ప్రెసిడెంటుగారి తమ్ముడు కూడా పంచె ఎగ్గట్టి ఏరాడట. ఆయన వంగడం మా ఊళ్లో ఎవరూ ఇదివరకు చూడలేదు.

ఇవేవీ నాకు గుర్తు లేవు.

పడుకున్నాక ప్రవల్లిక వచ్చి పక్కన చేరింది. చెవిలో అంది. "నాన్నమ్మా. అమ్మోరు నా పాటం అప్పజెప్పీసింది."

"అమ్మోరికి తెలీనిదేటుందే? పడుకో."

2 నవంబరు

పోలయ్య వచ్చాడు. తలకాయ వాటా పోయినవాడు ఊరుకుంటాడా? ఊళ్లో చెప్పేస్తాడు. చెప్పడానికి ఏమీ లేదు, నిజంగానే పూనకం, అయినా చెప్పేస్తాడు.

అరుగు మీద కూర్చుని నెమ్మదిగా బీడీ వెలిగించాడు.

"మా అయ్య పోయిన కాడ్నించీ నానే కదప్పా ఊగుతన్నాను."

"అవును పోలయ్యా."

"సెంబు తన్నడం బాగుంది. అది నాకెప్పుడూ తట్టనేదు."

వాణి ఇచ్చిన జీడిపప్పు గుప్పెడు తిని, ఇంకో గుప్పెడు పంచెలో ముడేసుకుని వెళ్లిపోయాడు.

5 నవంబరు, సోమవారం

ఆఫీసర్లు వచ్చారు. మొక్క మొక్కకీ పసుపుగుడ్డ, పేడ, చుట్టూ మేకపెంట చూసి ఒకాయన అడిగాడట, ఇదంతా ఏ పథకం కింద చేశారని. "స్థానిక వనరులండి" అన్నాడట మాస్టారు, రుమాలు తీయకుండానే. ఇంకొకాయన ఆకు ముట్టుకుని, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జీపెక్కేదాకా దూరంగా పట్టుకునే ఉన్నాడట.

బోరు పక్క ఊరి బడికి వెళ్లింది. వాళ్లకి ప్రహరీ ఉంది. మాకు రెండో బహుమతి. ఏమిటంటే, ప్లాస్టిక్ బక్కెట్లు.

ప్రవల్లిక వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "నీల్లు పొయ్యడానికి పనికొత్తాయిలే" అంది. పిల్లకి బుద్ధి పెరుగుతోంది. పోలీసు పోయి మనిషి వస్తోంది.

13 నవంబరు, మంగళవారం

మా వాకిట్లో మనుషులు. అమ్మోరిని అడిగి చెప్పమని. ఒకరికి గేదె తప్పిపోయింది, ఒకరికి మొగుడు. ముసలాయన అరుగు మీద వరస పెడుతున్నాడు. ఒంట్లో బాగాలేదని లోపల పడుకున్నాను. నిజంగానే బాగాలేదు.

అమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ రోజు పలికింది నువ్వైతే సరే. నువ్వు కాకపోతే, ఆ కోపం చిన్నదాని మీద చూపించకు. మేకని ఆపింది నేను.

నోటితో చెబితే చాలదేమోనని ఒక పని చేశాను. వేపమొక్కకి ఇప్పుడు మూడో కొమ్మ కూడా వచ్చింది. అట్టముక్క కత్తిరించి, నా చేత్తో నేనే "తవిటమ్మ" అని రాసి, దానికి కట్టాను. ఒత్తు సరిగ్గా పడలేదు. తినేదేదో ఇకమీదట నా పేరే తిననీ.

సాయంత్రం దొరబాబు తాడు తెంపుకున్నాడని పిల్లలు అరిచారు. వెళ్లి చూశాను. ఆకు ఒక్కటి కూడా ముట్టలేదు. చీటీ మాత్రం లేదు. నారతాడు కొస ఒకటి వాడి మూతికి వేలాడుతోంది.

నేను బాగానే ఉన్నాను. గొంతులో కొద్దిగా గరగర. చలి మొదలైంది కదా, పేరు తిన్నా తినకపోయినా వచ్చేదే.